వేలాడే గాజుతోట: కాలం మారితే లోపల ఏం మారుతుంది?

పాత దిగుడు బావిలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? పైన చేలన్నీ ఎండిపోయిన ఏప్రిల్ నెలలో కూడా, లోపలి రాతి కట్టడం సందుల్లో ఫెర్న్ మొక్కలు పచ్చగా వేలాడుతూ ఉంటాయి. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. గాలి పెద్దగా కదలని చోటు, నేరుగా ఎండ పడని వెలుతురు, కింద నుంచి పైకి లేచే తేమ, పగటికీ రాత్రికీ ఎక్కువ తేడా లేని చల్లదనం: ఈ నాలుగూ ఉంటే వాటికి చాలు.

గాజు పాత్రలో పెంచే చిన్న తోటను టెర్రేరియం అంటారు. ఒక రకంగా అది ఆ బావిని ఇంట్లోకి తెచ్చుకునే ప్రయత్నమే. కానీ బావికీ, పైకప్పు నుంచి వేలాడే గాజు గోళానికీ పెద్ద తేడా ఉంది. బావి చుట్టూ టన్నుల కొద్దీ మట్టీ రాయీ ఉన్నాయి. బయట ఎండ ఎంత మండినా ఆ రాయి వేడెక్కడానికి వారాలు పడుతుంది. గోళం చుట్టూ ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్ల గాజు మాత్రమే. బల్ల మీద పెట్టిన పాత్రకు కనీసం బల్ల ఆసరా ఉంటుంది. వేలాడే గోళానికి అన్ని వైపులా గాలే. గది వేడెక్కితే గంటలో అదీ వేడెక్కుతుంది, గది చల్లబడితే అదీ చల్లబడుతుంది.

ఇప్పుడు గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ ఇలాంటి గోళాలు బహుమతిగా ఇస్తున్నారు. జనవరిలో కళకళలాడిన తోట మే నెలాఖరుకు పాచి వాసన కొట్టే ముద్దగా మారడం చాలా ఇళ్లలో జరిగేదే. 'మా చేతికి మొక్కలు బతకవు' అని ఆ ఇంటివాళ్లు సరిపెట్టుకుంటారు. నిజానికి అక్కడ చేతివాటం పాత్ర తక్కువ, భౌతికశాస్త్రం పాత్ర ఎక్కువ.

సీసాలో మొలిచిన ఫెర్న్

ఈ కథ లండన్‌లో ఒక వైద్యుడి ఇంట్లో మొదలైంది. నథానియల్ బాగ్‌షా వార్డ్‌కు ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో లండన్ గాలి నిండా బొగ్గు పొగ కావడంతో ఆయన నాటినవన్నీ చచ్చిపోయేవి. 1829లో ఒక చిమ్మట ప్యూపా నుంచి రెక్కల పురుగు ఎలా బయటికొస్తుందో చూడాలని, దాన్ని తడి మట్టితో పాటు వెడల్పు మూతి గాజు సీసాలో పెట్టి మూత వేశాడు. పగలు మట్టిలోంచి లేచిన తేమ గాజు మీద నీటి చుక్కలుగా చేరి మళ్లీ మట్టిలోకే జారిపోవడం గమనించాడు. కొన్ని రోజులకు మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డి మొక్క మొలకెత్తాయి. బయట పెంచలేకపోయిన మొక్క సీసాలో తనంతట తానే పెరిగింది! దాదాపు నాలుగేళ్లు ఆ సీసాలో నీళ్లు పోయనే లేదు. చివరికి మూత తుప్పు పట్టి పాడవడంతో మొక్కలు పోయాయి.

1833లో వార్డ్ ఇలాంటి గాజు పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడలో ఆస్ట్రేలియాకు పంపాడు. నెలల తరబడి సముద్ర ప్రయాణం చేసి అవి బతికే చేరాయి. ఆ తర్వాత ఈ పెట్టెలు ప్రపంచ వ్యవసాయ పటాన్నే మార్చాయి. 1850 ప్రాంతంలో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కలను హిమాలయ పాదాల దగ్గరి తోటలకు చేర్చింది వీటిలోనే. మన ఉదయపు టీ కప్పుకూ ముందుగదిలో వేలాడే గాజు గోళానికీ ఇలా ఒక చుట్టరికం ఉంది.

గాలి తాగేది చుక్కలు

టెర్రేరియంలో నీరు చక్రంలా తిరుగుతుందని అందరూ చెబుతారు. ఎంత నీరు తిరుగుతుందో లెక్క చూస్తే చాలా తప్పులు వాటంతట అవే తగ్గుతాయి. 5 లీటర్ల గోళం తీసుకుందాం. అంటే సుమారు 21 సెంటీమీటర్ల వ్యాసం, పెద్ద పుచ్చకాయంత. అందులో గాలి తేమతో పూర్తిగా సంతృప్తమైనా, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 0.09 గ్రాముల నీటి ఆవిరే పడుతుంది. 30 డిగ్రీల దగ్గర 0.15 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర పావు గ్రాము. ఒక నీటి చుక్క బరువు సుమారు 0.05 గ్రాములు. అంటే లోపలి గాలి మొత్తం కలిపి ఏ సమయంలోనైనా పట్టుకోగలిగేది రెండు నుంచి ఐదు చుక్కలు!

మరి మనం ఏం చేస్తాం? ఆకు కాస్త వాలగానే అర గ్లాసు నీళ్లు పోస్తాం. మూత ఉన్న గోళంలో ఆ నీటికి బయటికి దారి లేదు. గాలిలోకి పోయేది చుక్కలే, మిగిలిందంతా మట్టి రంధ్రాల్లో నిలుస్తుంది. ఆ రంధ్రాల్లో ఉండాల్సిన గాలిని బయటికి నెట్టేస్తుంది. వేర్లకూ ఆక్సిజన్ కావాలి. అది అందకపోతే వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కనుక ఆకు మళ్లీ వాలుతుంది. ఆకు వాలింది కదా అని మనం మళ్లీ పోస్తాం. టెర్రేరియంలు ఎక్కువగా పోయేది ఈ సుడిగుండంలోనే.

పొరపాటున నీరు ఎక్కువైతే ఒక ఇంటి చిట్కా ఉంది. దీపారాధనకు వాడే పొడవాటి నూలు వత్తిని తడిపి, ఒక కొస మట్టిలో లోతుగా దూర్చి, రెండో కొస గోళం మూతి మీదుగా బయటికి వేలాడదీయండి. బయటి కొస లోపలి నీటి మట్టం కంటే కిందికి ఉండాలి. కేశనాళికీయత నీటిని అంచుదాకా ఎక్కిస్తుంది, అక్కడి నుంచి గురుత్వం కిందికి లాగుతుంది. రాత్రి పెడితే ఉదయానికి కింద పెట్టిన గిన్నెలో నీళ్లు చేరతాయి. వేలాడే పాత్రకు కింద ఖాళీ ఉంటుంది కనుక ఈ పని దానికి మరీ తేలిక.

వేలాడదీయడంలో ఇంకో లాభం కూడా ఉంది. దాన్ని తూకం వేయవచ్చు! విదేశాలకు పచ్చళ్లూ పొడులూ మోసుకెళ్లే ప్రయాణాల పుణ్యమా అని, సూట్‌కేసు బరువు చూసే చిన్న కొక్కెం తూనిక ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. గోళం నాటిన రోజున, మట్టి సరైన తడిలో ఉన్నప్పుడు, ఆ కొక్కేనికి తగిలించి బరువు రాసుకోండి. తర్వాత తగ్గే ప్రతి గ్రామూ ఒక మిల్లీలీటరు నీరే. మొక్క పెరుగుదలలో కలిసే బరువు ఈ లెక్కలో చాలా స్వల్పం. మూత ఉన్న గోళం నెలకు ఎంత కోల్పోతుందో, మూత లేనిది వారానికి ఎంత కోల్పోతుందో అంకెల్లో తెలిసిపోతుంది. 80 గ్రాములు తగ్గితే 80 మిల్లీలీటర్లు పోయండి, అంతే. మట్టిలో వేలు పెట్టి చూడటం కంటే, ఆకు రంగు చూసి ఊహించడం కంటే ఇది నమ్మదగిన పద్ధతి. బడిలో పిల్లలకు బాష్పోత్సేకం చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తోచలేదు.

అడుగున రాళ్లు ఎందుకు?

పొరలు వేసే పద్ధతి అందరికీ తెలిసిందే: అడుగున గులకరాళ్లు, పైన కట్టె బొగ్గు ముక్కలు, ఆ పైన మట్టి. అయితే ఈ రాళ్ల పొర మట్టిలోని అదనపు నీటిని కిందికి లాగేస్తుందనుకోవడం పొరపాటు. సన్నని మట్టి రంధ్రాలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. ఆ మట్టి అడుగుభాగం పూర్తిగా తడిసి నిండేదాకా నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి దిగదు. కాబట్టి రాళ్ల పొర మురుగుకాలువ లాంటిది కాదు, పొంగిన నీటిని విడిగా దాచే తొట్టి. అది గాజులోంచి కనబడుతుంది కనుక కొలబద్దగా పనికొస్తుంది. రాళ్ల మధ్య నీరు మెరుస్తూ కనిపించిందంటే అప్పటికే ఎక్కువ పోశామని అర్థం.

బొగ్గు వాసనలను కొంత పీల్చుకుంటుంది. లేకపోయినా తోట ఆగిపోదు. వేస్తే మాత్రం బూడిద పోయేలా కడిగి వేయాలి, బూడిదలోని క్షారం మట్టి గుణాన్ని మార్చేస్తుంది. మట్టి విషయంలో, నల్లరేగడి వద్దు. తడిస్తే ఉబ్బి, ఆరితే బిగుసుకుని, గాలి ఆడనివ్వదు. బాగా కడిగిన కోకోపీట్ రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, జల్లించిన వర్మికంపోస్టు అర పాలు కలిపితే మన వాతావరణంలో చక్కగా పనిచేస్తుంది. కోకోపీట్‌ను కడగమన్నది అందులో ఉప్పు ఉండే అవకాశం ఉన్నందుకు. కుండీలో అయితే ఉప్పు కింది రంధ్రంలోంచి కొట్టుకుపోతుంది. గాజు గోళానికి రంధ్రం లేదు, లోపలికి వెళ్లిన ఉప్పు లోపలే ఉంటుంది. ఎరువులు వేయొద్దనడానికీ ఇదే కారణం. పైగా ఇక్కడ మొక్క నెమ్మదిగా పెరగడమే మనకు కావాలి.

5 లీటర్ల గోళంలో మూడో వంతు నింపితే తడి మట్టి, రాళ్లు కలిపి 2 కిలోలు దాటుతుంది. గాజు ఇంకో కిలో అనుకోండి. ఈ 3 కిలోలను మూడు తాళ్లు మోస్తాయి. తాళ్లు నిలువుకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద పడే లాగుడు కిలో బరువుకు కొంచెం ఎక్కువ. అందంగా ఉంటుందని తాళ్లను బాగా విప్పార్చి 60 డిగ్రీలకు తెస్తే అది 2 కిలోలవుతుంది. జనపనార, నూలు తాళ్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ అవి సెల్యులోజు. వానాకాలపు తేమలో బూజు వాటిని లోలోపల తినేస్తుంది, పైకి తెలియదు. మోసే పని సన్నని ఉక్కు గొలుసుకు అప్పగించి, నూలు అల్లికను అలంకారానికి మాత్రం ఉంచండి. కొక్కెం కాంక్రీటు శ్లాబులో దిగాలి, ఫాల్స్ సీలింగు పలకకు కాదు. మంచం మీద, ఉయ్యాల మీద, పిల్లలు పరుగెత్తే దారిలో గాజు వేలాడదీయకూడదని వేరే చెప్పనక్కర్లేదు. అయినా మంచం పైన వేలాడదీసినవి నేను రెండు ఇళ్లలో చూశాను.

తొలకరి: నాటే కాలం

కొత్త తోట మొదలుపెట్టడానికి జూన్, జూలై మంచివి. గదిలో గాలికి అప్పటికే తేమ ఉంటుంది, ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు అటూ ఇటూ దిగుతుంది, నర్సరీలో కోసిన కొమ్మలు తొందరగా వేళ్లు వేస్తాయి. మూత ఉన్న గోళానికి ఫిటోనియా, చిన్న పెపరోమియా రకాలు, చిట్టి ఫెర్న్‌లు, సెలాజినెల్లా సరిపోతాయి. మనీప్లాంటు ఎంత తేలికగా బతుకుతుందో అంత వేగంగా గోళాన్ని నింపేస్తుంది, దాన్ని బయటే ఉంచండి. కలబంద, సక్యులెంట్ల జాతి మూతలోపలికి అసలు పనికిరాదు. ఎడారి మొక్కలు రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును దాచుకుంటూ, పగలు వాటిని మూసుకుని నీటిని పొదుపు చేస్తాయి. పొదుపు కోసమే తయారైన ఒళ్లును తేమలో ముంచితే కుళ్లకుండా ఏం చేస్తుంది? పక్కన పెద్ద రంధ్రం ఉన్న గోళాలు వాటికి నప్పుతాయి. మట్టే అక్కర్లేని టిలాండ్సియా, అంటే గాలి మొక్కలకూ ఇవే ఇల్లు. వాటిని వారానికోసారి నీటిలో ముంచి తీసి, తలకిందులుగా పట్టి ఆరనిచ్చి, ఆరాకే గాజులో పెట్టాలి.

వానాకాలంలో పిట్టగోడల మీద మఖమల్ పరిచినట్టు నాచు పుడుతుంది. దాన్ని చెంచాతో గీరి తోటలో పరచాలని అందరికీ అనిపిస్తుంది. పరచండి, కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గోడ మీది నాచు వానకు తడిసి, ఎండకు పూర్తిగా ఆరి, మళ్లీ తడిసే జీవితానికి అలవాటుపడినది. ఎప్పుడూ ఆరని వెచ్చని గాజులో అది కొన్ని వారాల్లో పసుపెక్కిపోవచ్చు. చెట్టు నీడలో, పంపు కింద, రోజంతా తడిగా ఉండే చోట పెరిగిన నాచుకు నిలిచే అవకాశం ఎక్కువ. కొండల్లో దొరికే 'సంజీవని' సెలాజినెల్లా కూడా ఇంతే. ఎండి ముడుచుకుని, నీరు తగలగానే విచ్చుకోవడం దాని ప్రత్యేకత. దాన్ని అడవి నుంచి పెరికి తేవద్దు, కొనవద్దు. అందరూ తెస్తే కొండ మీద మిగలదు.

ఈ కాలంలో వెలుతురే కరువు. మబ్బు పట్టిన రోజు కిటికీ పక్కన కూడా వెలుతురు బాగా తగ్గుతుంది. ఫోనులో లక్స్ కొలిచే యాప్‌తో చూడండి. పగటిపూట 1000 లక్సుల కంటే తక్కువే ఉంటే ఆకులు పాలిపోయి కాడలు సాగుతాయి. అప్పుడు 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బును గోళానికి 30 సెంటీమీటర్ల దూరంలో 10 గంటల పాటు వెలిగిస్తే దాదాపు 1500 లక్సులు అందుతాయి. బల్బు గాజు బయటే ఉండాలి.

మొదటి రెండు మూడు వారాల్లో తెల్లని బూజు దారాలు కనిపిస్తే కంగారుపడకండి. చచ్చిన ఆకు ముక్కల మీద శిలీంధ్రాలు పనిచేస్తున్నాయి. ఆ ముక్క తీసేసి ఒక రోజు మూత తెరిస్తే సర్దుకుంటుంది. కంగారుపడాల్సింది దోమల గురించి. మట్టి లేకుండా నీటిలో కొమ్మలు పెంచే వేలాడే గాజు గోళాలు ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నాయి. మూతిలేని పాత్రలో నిలిచిన శుభ్రమైన నీరు డెంగ్యూను మోసే ఈడిస్ దోమకు కావాల్సిన చోటు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి నీరంతా పారబోసి, గాజు లోపలి గోడను రుద్ది కడగాలి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కనుక నీరు మార్చినంత మాత్రాన సరిపోదు. లేదా మూతికి సన్నని దోమతెర ముక్క కట్టండి. మూత బిగించిన మట్టి టెర్రేరియంకు ఈ బెడద లేదు.

పండుగ రోజుల అలంకారం

బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా ఇల్లు అలంకరించే కాలం. గోళంలోకీ ఏదో ఒకటి చేర్చాలనిపిస్తుంది. దేన్ని లోపల పెట్టొచ్చన్నదానికి కొలత ఒక్కటే: నెల రోజులు తడిలో నానితే ఆ వస్తువులోంచి ఏం బయటికొస్తుంది?

రంగు ముగ్గుపొడితో పొరలు వేస్తే మొదటి వారం ముచ్చటగా ఉంటాయి, తర్వాత రంగు నీటిలో దిగి వేళ్లకు చేరుతుంది. గవ్వలు, పాలరాతి చిప్స్, సుద్ద కాల్షియం కార్బొనేటు. ఆమ్లగుణం ఇష్టపడే మొక్కల మట్టిని నెమ్మదిగా క్షారం వైపు లాగుతాయి. నల్ల గ్రానైట్ ముక్కలు, నది గులకరాళ్లు ఏ పేచీ పెట్టవు. రాగి చెంబు, రాగి తీగ, జింకు పూసిన తీగ లోపల వద్దు. నాచు లాంటి వాటికి రాగి అయాన్లు విషం. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మను తేమ గోళంలో పెడితే కర్ర ఉబ్బి రంగు పెచ్చులూడుతుంది. బొమ్మల కొలువుకు కావాలంటే పొడిగా ఉండే, పక్క రంధ్రమున్న గోళంలో పెట్టండి. అక్కడైతే ఎండిన గునుగు పూలు కూడా నెలల తరబడి నిలుస్తాయి. తాజా బంతి, తంగేడు పూలు మాత్రం రెండు రోజుల్లో బూజుకు విందవుతాయి.

దీపావళికి గోళం కింద ప్రమిద వెలిగించి ఫొటోలు తీసుకోవడం ఒక సరదా. మామూలు సోడా-లైమ్ గాజు వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది, వేడిని మాత్రం తొందరగా పక్కకు పంపదు. మంట తగిలిన చోటు ఉబ్బుతుంది, చల్లగా ఉన్న పక్కభాగం కదలదు, ఆ లాగుడుకు పగులుతుంది. ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు వ్యాకోచం ఇందులో మూడో వంతు కనుక అది తట్టుకుంటుంది. దుకాణంలో దొరికే అలంకార గోళాలు చాలావరకు మొదటి రకమే. ఎండలో కాగిన గోళం మీద చన్నీళ్లు చల్లకూడదన్నదీ ఇందుకే.

చలికాలం: కిటికీ మార్చాల్సిన రోజులు

డిసెంబరు ఉదయం గోళం లోపల మంచు పట్టినట్టు మసక కనిపిస్తుంది, అదీ కిటికీ వైపున్న సగంలోనే. రాత్రి ఆ వైపు గాజు ముందుగా చల్లబడి, లోపలి గాలి మంచుబిందు ఉష్ణోగ్రత కంటే కిందికి దిగింది. మట్టి ఇంకా కాస్త వెచ్చగా ఉండి ఆవిరిని పంపుతూనే ఉంది. పొద్దెక్కేసరికి ఇది చెదిరిపోతే తోట ఆరోగ్యంగా ఉన్నట్టే. మధ్యాహ్నానికీ మూడో వంతు గాజు మసకగానే ఉంటే రెండు గంటలు మూత తీయండి. ఆదిలాబాద్, అరకు వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది. అక్కడ ఫిటోనియా లాంటి ఉష్ణమండల మొక్కలను రాత్రిళ్లు కిటికీ నుంచి గది మధ్యకు జరపాలి.

చలికాలంలో అసలు చిక్కు చలి కాదు, ఎండ వచ్చే దిక్కు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. ఉదయం, సాయంత్రం ఇంకా కిందికి ఉంటాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలి దాకా వస్తుంది. జూన్ 21కి సీను తిరగబడుతుంది. సూర్యుడు నడినెత్తిని దాటి 6 డిగ్రీలు ఉత్తరానికి వెళ్తాడు, దక్షిణపు కిటికీలో నేరుగా ఎండ ఉండదు, ఉత్తరపు కిటికీలోకి ఉదయం సాయంత్రం ఏటవాలుగా పడుతుంది. అంటే జూలైలో దక్షిణపు కిటికీ దగ్గర హాయిగా ఉన్న గోళం డిసెంబరులో అదే కొక్కేనికి వేలాడుతూ ఉడికిపోవచ్చు. రెండు కిటికీల దగ్గరా ఒక్కో కొక్కెం వేయించుకోవడం మంచిది. శంక్రాంతి దాటే వరకు ఉత్తరం వైపు, వానాకాలంలో దక్షిణం వైపు. మార్చలేని ఇంట్లో ఎత్తు మార్చండి. సన్‌షేడ్ నీడ కిటికీ పై భాగంలో పడుతుంది కనుక గొలుసు కుదించి పైకి లేపితే మధ్యాహ్నపు ఎండ తప్పుతుంది.

ఎండ తగిలితే ఎందుకంత ప్రమాదం? నేరుగా పడే ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తి తెస్తుంది. మన గోళం ఎండకు అడ్డుపడే వైశాల్యం 0.035 చదరపు మీటర్లు. అంటే లోపల 30 వాట్ల హీటరు పెట్టినంత పని. గాజు లోపలి పరారుణ కిరణాలను బంధించడం వల్లే వేడి పెరుగుతుందని చదువుకున్నాం. అది పాక్షికమే. 1909లో ఆర్.డబ్ల్యు. వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండు పెట్టెలతో ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఒకదానికి గాజు మూత, ఇంకోదానికి పరారుణాన్ని బయటికి పోనిచ్చే రాతి ఉప్పు పలక. రెండూ దాదాపు సమానంగా వేడెక్కాయి. ముఖ్య కారణం, వేడి గాలి పైకి లేచి బయటికి పోయే దారి మూసుకుపోవడమే. అందుకే మూత కొద్దిగా జరిపినా ఉష్ణోగ్రతలో తేడా కనిపిస్తుంది.

ఖాళీ గోళం భూతద్దంలా ఆకులను కాలుస్తుందన్న మాట నిజం కాదు. పలుచని గాజు పెంకు కిరణాలను పెద్దగా వంచదు. నీటితో నిండిన గోళం మాత్రం నిజమైన కటకమే. దాని వెనుక, గోళం వ్యాసార్ధమంత దూరంలో కిరణాలు గుమిగూడతాయి. అక్కడ కర్టెన్ ఉంటే నిప్పు అంటుకోవచ్చు. నీటి గోళాలను ఎండ పడే కిటికీలో వేలాడదీయకండి.

ఎండాకాలం: ఉక్కపోత తోట

మచిలీపట్నంలో 36 డిగ్రీల రోజు, నిజామాబాద్‌లో పొడిగా ఉన్న 40 డిగ్రీల రోజు కంటే ఎక్కువ బాధిస్తుంది. చెమట ఆరకపోవడమే కారణం. మొక్కదీ అదే కష్టం. బయట తోటలో ఆకు నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 2400 జౌళ్ల వేడిని మోసుకుపోతుంది. మూసిన గోళంలో గాలి అప్పటికే సంతృప్తంగా ఉంది, ఆవిరికి చోటు లేదు, ఆకుకు చల్లబడే మార్గం లేదు. వానాకాలంలో తోటను కాపాడిన తేమే మే నెలలో దాన్ని ఉడికిస్తుంది.

వేడికి భయపడి మనం తెరలు దించుతాం, అది రెండో దెబ్బ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం దాదాపు రెట్టింపవుతుంది, మొక్క దాచుకున్న చక్కెర అంత వేగంగా ఖర్చవుతుంది. మసక వెలుతురులో కిరణజన్య సంయోగక్రియకు అడ్డం వెలుతురే కనుక వేడి పెరిగినా సంపాదన పెరగదు. ఖర్చు రెట్టింపు, రాబడి సగం. నెల రోజుల్లో ఆకులు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. మనం ఎండదెబ్బ అనుకుంటాం, నిజానికి అది ఆకలి. కాబట్టి వేసవిలో తోటకు కావాల్సింది చీకటి కాదు, వేడి లేని వెలుతురు: ఉత్తరపు కిటికీకి ఒక మీటరు లోపల, పలుచని తెల్ల తెర వెనుక, లేదా ఎల్‌ఈడీ కింద.

ఎత్తు కూడా ముఖ్యం. పై అంతస్తు డాబా ఇంట్లో పగలంతా కాగిన శ్లాబు రాత్రి పది దాకా కిందికి వేడి చిమ్ముతుంది, గదిలోని వేడి గాలీ పైనే చేరుతుంది. మార్చి నుంచి గొలుసు పొడవు పెంచి గోళాన్ని కంటి ఎత్తుకు, వీలైతే నడుము ఎత్తుకు దించండి. రెండు మూలల్లో రెండు థర్మామీటర్లు పెట్టి చూస్తే మీ గదిలో తేడా ఎంతో తెలుస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట గాజు చల్లబడి లోపల మసక కడుతుంది, ఏసీ ఆపగానే వేడెక్కుతుంది. రోజుకు నాలుగుసార్లు ఇలా ఊగిసలాడే కంటే నిలకడగా 32 డిగ్రీలుండే మూల మేలు. ఫ్యాను గాలి మూత ఉన్న గోళానికి మంచిదే, బయటి గాజు వేడిని తీసుకుపోతుంది. పక్క రంధ్రమున్న గోళాన్ని అదే ఫ్యాను రెండు రోజుల్లో ఎండబెడుతుంది.

రోహిణి కార్తె వచ్చేసరికి మూతను రాత్రంతా తీసి ఉంచి, తెల్లవారాక వేయండి. ఈ రోజుల్లో బరువు వారానికి 20, 30 గ్రాములు తగ్గడం సహజం. తగ్గినంతే, పొద్దున్నే, గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటితో నింపాలి. పిండినల్లి తెల్లని దూదిలా కనిపిస్తే దూది పుల్లను స్పిరిటులో ముంచి తుడిచేయండి, గోళంలో పురుగుమందు పిచికారీ చేయొద్దు. ఆ ఆవిరికీ బయటికి దారి లేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని మొక్కలు వేసవి దాటవు. ఏప్రిల్ మొదట్లోనే ఫిటోనియా, పెపరోమియా కొమ్మలు రెండేసి తుంచి, మామూలు కుండీలో నీడపట్టున నాటి ఉంచండి. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక గోళాన్ని దించి, కుళ్లిన వేళ్లు తీసి, పై మట్టి రెండు అంగుళాలు మార్చి, ఆ కొమ్మలు నాటి, మళ్లీ కొక్కెం తూనికకు తగిలించి కొత్త బరువు రాసుకోవడమే.